సదర్, దువార్, చక్కర్: బుజుర్గుల తల తిరుగుడు వెనుక వెయ్యేళ్ల తారీఖ్



మన ఇళ్లలో పెద్దవాళ్లు "చక్కర్ ఆరై" అన్నారంటే జరిగేది ఒకటే. కుర్చీలో కూర్చోబెడతాం, గ్లాసు నీళ్లిస్తాం, సాయంత్రం మెడికల్ షాపుకెళ్లి "చక్కర్ గోలీ" తెస్తాం. తెలుగులో చెప్పినా తేడా లేదు. "కళ్లు తిరిగాయంట" అంటే షాపువాడు ఇంకేమీ అడగకుండా గోలీ చేతిలో పెడతాడు. ఒక్క మాట, ఒక్క గోలీ. కానీ ఆ మాట కింద అయిదారు రకాల మర్జులు దాక్కుని ఉంటాయి. ఒకదానికి పనిచేసే ఇలాజ్ ఇంకోదానికి పనిచేయదు, కొన్నిసార్లు నష్టం కూడా చేస్తుంది.

పాత యునానీ కితాబుల్లో ఈ గందరగోళం లేదు. అక్కడ రెండు లఫ్జులు పక్కపక్కనే కనిపిస్తాయి: సదర్, దువార్. (సదర్ అంటే ఇక్కడ మస్జిద్ కమిటీ సదర్ సాబ్ కాదు. అది స్వాద్‌తో రాస్తారు, ఇది సీన్‌తో.) ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ ఫిత్తిబ్ మూడో కితాబులో, తల జబ్బుల భాగంలో, ఈ రెంటినీ విడదీసి చెప్పాడు. దువార్ అంటే చుట్టూ ఉన్న వస్తువులన్నీ తిరుగుతున్నట్టు, తన దిమాగ్, బదన్ కూడా తిరుగుతున్నట్టు అనిపించి మనిషి నిలబడలేక పడిపోవడం. సదర్ అంటే లేచి నిలబడగానే కళ్ల ముందు చీకటి కమ్మి పడిపోబోవడం. అది మరీ ముదిరితే సర, అంటే మూర్ఛరోగం, లాగే కనిపిస్తుంది గానీ కాళ్లూ చేతులూ కొట్టుకోవు అని కూడా రాశాడు.

ఈ తేడా మన జబాన్‌లోనూ ఉంది, మనమే పట్టించుకోం. "సర్ ఘూమ్‌రా" వేరు, "ఆంఖోం కే ఆగే అంధేరా ఛాగయా" వేరు. తెలుగులో "తల గిర్రున తిరుగుతోంది" వేరు, "కళ్లు బైర్లు కమ్మాయి" వేరు. మా నానీలు, దాదీలు సరిగ్గానే చెప్తారు. వాళ్ల మాటను డాక్టర్ దగ్గరికి మోసుకెళ్లే మనమే దాన్ని చక్కర్ చేసి పడేస్తాం.

ఇబ్నె సీనా బుఖారా దగ్గర అఫ్‌షనాలో 980లో పుట్టి 1037లో హమదాన్‌లో వఫాత్ అయ్యాడు. ఖానూన్ 1025 నాటికి పూర్తయింది. ఆయనకంటే ముందు రయ్ నగరపు జకరియా రాజీ ఉన్నాడు. బగ్దాద్ దవాఖానాలో పెద్ద తబీబ్‌గా పనిచేసినవాడు. ఆయన రాసుకున్న నోట్సును మౌత్ తర్వాత షాగిర్దులు కూర్చిందే కితాబుల్ హావీ. దీనికీ మనకూ ఒక సొంత రిష్తా ఉంది. చేతిరాత ప్రతుల్లో ఉండిపోయిన ఆ మహాగ్రంథపు అరబీ మూలాన్ని 1955 నుంచి వరసగా 23 భాగాలుగా అచ్చేసింది హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో మొదలైన ఇదారా అది. మొదటి భాగమే తల జబ్బులది. లండన్‌లోనో కైరోలోనో కూర్చుని యునానీ చరిత్ర రాసే ఆలిమ్ కూడా హైదరాబాద్ ప్రతినే తిరగేస్తాడు. మన పిల్లలకు బిర్యానీతో పాటు ఇది కూడా చెప్పాలి.

వాళ్ల వెనుక యూనాన్ తబీబులు బుఖ్రాత్, జాలీనూస్ ఉన్నారు. తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్‌లో వాళ్ల కితాబులను అరబీలోకి తెచ్చిన వాళ్లలో ముఖ్యుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్, ఒక ఈసాయీ. ఆ కాలంలో ఇల్మ్ అలా చేతులు మారింది.

చక్కర్ ఎందుకొస్తుంది? హకీముల జవాబు ఖిల్తుల లెక్క ప్రకారం ఉండేది. మేదాలో చెడిన బల్గమ్ నుంచో సఫ్రా నుంచో బుఖారాత్, అంటే ఆవిర్లు, పైకి లేచి దిమాగ్‌కు చేరి అక్కడి రూహ్‌ను కదిలిస్తాయని. ఇలాజ్ కూడా దానికి తగ్గట్టే: మేదా శుభ్రం చేయడం, ఖూన్ ఎక్కువైందనుకుంటే ఫస్ద్, హిజామా, ఆపైన ఇత్రీఫల్ కిష్నీజీ. ఇత్రీఫల్ అంటే ఇంకేమీ కాదు, మన త్రిఫల. సంస్కృతం మాట అరబీ బట్టలు తొడుక్కుని తిరిగి మన చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ దవాఖానాకే వచ్చింది. కిష్నీజ్ అంటే ధనియాలు.

ఆవిర్ల సంగతి తర్వాతి ఇల్మ్ ముందు నిలబడలేదు. కానీ అదే బాబ్‌లో ఇబ్నె సీనా ఇచ్చిన ఒక మిసాల్ ఉంది. చదివిన ప్రతిసారీ నేను ఆగిపోతాను. పిల్లలు గుండ్రంగా తిరిగి తిరిగి ఆగినా తల ఎందుకు తిరుగుతూనే ఉంటుంది? నీళ్లున్న ఫింజాన్‌ను కాసేపు తిప్పి ఆపండి, పాత్ర ఆగినా లోపలి నీళ్లు ఇంకాసేపు తిరుగుతూనే ఉంటాయి, ఇదీ అలాంటిదే అంటాడు. ఆ తిరిగేది దిమాగ్‌లోని రూహ్ అని ఆయన ఖయాల్. స్థానం తప్పు. కదలిక తీరు మాత్రం అచ్చంగా అదే. ఆ ఫింజాన్ చెవిలో ఉందని తేలడానికి ఇంకో 850 ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "ఇబ్నె సీనా అన్నీ ముందే కనిపెట్టేశాడు" అనే వాట్సాప్ సందేశాలు నాకూ వస్తుంటాయి. లేదు, చెవికీ చక్కర్‌కూ ఉన్న సంబంధం ఆయన కనిపెట్టలేదు. ఆయన చేసింది మరీజ్ చెప్పింది శ్రద్ధగా విని, రెంటికి రెండు పేర్లు పెట్టి, కళ్ల ముందున్న వస్తువుతో పోల్చి ఆలోచించడం. అది తక్కువ పనేమీ కాదు. లేనిది కట్టబెడితే ఉన్నది కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

ముందుగా దువార్ కథ. లోపలి చెవిలో అర్ధవర్తుల నాళాలు మూడున్నాయని యూరప్‌లో శవాలు కోసిన వాళ్లకు పదహారో శతాబ్దం నుంచే తెలుసు. అవి వినడానికేనని అనుకునేవారు. 1820లలో ఫ్లురాన్స్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పావురాల చెవుల్లో ఆ నాళాలను కోసి చూశాడు. పావురాలకు వినికిడి పోలేదు, కానీ తల గిర్రున తిప్పుతూ నిలబడలేకపోయాయి. ఇంత స్పష్టంగా కనిపించినా మనుషుల ఇలాజ్‌లో ఏమీ మారలేదు. పారిస్ డాక్టర్లు కూడా చక్కర్ వస్తే దిమాగ్‌లో ఖూన్ పేరుకుందనే అనేవారు, రక్తం తీసేవారు, జలగలు పెట్టేవారు. బుఖారాత్ నమ్మిన హకీముల్ని చూసి నవ్వే హక్ వాళ్లకేమీ లేదు.

1861 జనవరిలో పారిస్ వైద్య అకాడమీ ముందు ప్రాస్పర్ మెనియేర్ లేచి, ఈ మరీజుల్లో చాలామందికి మర్జ్ దిమాగ్‌లో లేదు, చెవిలో ఉంది అన్నాడు. చెవిటి మూగ పిల్లల సంస్థకు ఆయన పెద్ద డాక్టర్. ఏళ్ల తరబడి చెవిటివాళ్ల మధ్య తిరిగినందువల్ల ఆయనకొకటి కనిపించింది: గిర్రున తిరిగే చక్కర్, చెవిలో హోరు, వినికిడి తగ్గడం, ఈ మూడూ కలిసి వస్తున్నాయి. ఆ రోజు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఆయన పేరుతో ఒక జబ్బు నిలిచింది. ఆ తర్వాత 1873 నుంచి 1875 లోపు మాక్, బ్రోయర్, క్రమ్ బ్రౌన్ అనే ముగ్గురు ఎవరికి వారుగా తేల్చిందేమిటంటే, ఆ నాళాల్లో నీరు ఉంటుంది, తల తిరిగితే ఆ నీరు వెనకబడుతుంది, తల ఆగినా అది కాసేపు కదులుతుంది. ఫింజాన్ దొరికింది.

తర్వాతి మనిషి రాబర్ట్ బారానీ. వియన్నాలో యూదీ కుటుంబంలో పుట్టినవాడు. చెవులు కడిగే క్లినిక్‌లో పనిచేస్తుంటే, నీళ్లు పోయగానే మరీజులకు కనుగుడ్లు అదిరి చక్కర్ వచ్చేది. ఒకతను నీళ్లు చల్లగా ఉన్నాయని షికాయత్ చేశాడు. సరేనని ఈసారి వేడినీళ్లు పోశాడు. మళ్లీ చక్కర్ వచ్చింది, కానీ కనుగుడ్లు అవతలి వైపుకు అదిరాయి! చెవి నాళంలోని నీటిని చల్లబరిస్తే ఒక వైపు, వేడి చేస్తే ఇంకో వైపు కదులుతుందన్నమాట. ఏ చెవి పనిచేస్తుందో, ఏది చేయడంలేదో గ్లాసు నీళ్లతో తేల్చగల పరీక్ష అది, ఇప్పటికీ వాడుతున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆస్ట్రియా ఫౌజ్‌లో డాక్టర్‌గా చేరిన బారానీని రష్యన్లు ఖైదీగా పట్టుకుని మర్వ్‌కు పంపారు. ఇస్లామీ తారీఖ్ చదివిన వాళ్లకు ఆ పేరు కొత్త కాదు. ఖురాసాన్ మర్వ్, సుల్తాన్ సంజర్ మఖ్‌బరా ఉన్న మర్వ్, 1221లో మంగోలులు నేలమట్టం చేసిన మర్వ్. ఆ విధ్వంసానికి కొంచెం ముందు యాఖూత్ హమవీ అక్కడి కుతుబ్‌ఖానాలను వదిలి రాలేకపోయానని రాసుకున్నాడు. ఇప్పుడది తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది. ఆ ఊళ్లో ఖైదులో ఉండగా బారానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఖబర్ అందింది. స్వీడన్ రాజకుమారుడు కార్ల్ రెడ్‌క్రాస్ ద్వారా సిఫారిష్ చేస్తే 1916లో విడుదలయ్యాడు.

బుజుర్గుల విషయంలో అసలు సంగతి బారానీ 1921లో రాసిన ఒక కేసు. 27 ఏళ్ల ఔరత్, పక్కకు తిరిగి పడుకుంటేనే చక్కర్, అరనిమిషంలో పోతుంది. 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అలాంటి 100 మందిని చూసి, మనిషిని మంచం మీద చటుక్కున వెనక్కి వాల్చి తల ఒక పక్కకు తిప్పి కళ్లు చూసే పరీక్షను స్థిరపరిచారు. కారణం కూడా తేలింది. లోపలి చెవిలో ఒకచోట సన్నని సున్నపు రేణువులుంటాయి. వయసు మీద పడ్డాకో, తలకు దెబ్బ తగిలాకో అవి ఊడి నాళంలోకి జారతాయి. పక్క మీద దొర్లినప్పుడు, పైఅరలో డబ్బా అందుకోవడానికి తల ఎత్తినప్పుడు ఆ రేణువులు నాళంలో జారి నీటిని కదిలిస్తాయి. అంతే, ఇల్లంతా గిర్రున తిరుగుతుంది.

జారినవాటిని వెనక్కి జార్చొచ్చు కదా? అమెరికాలో ఎప్లీ అనే చెవి డాక్టర్ అదే ఆలోచించి, తలను వరసగా నాలుగైదు భంగిమల్లో తిప్పి రేణువులను మళ్లీ బయటికి పంపే పద్ధతిని 1980లో తోటి డాక్టర్లకు చూపించాడు. ఆపరేషన్ లేదు, దవా లేదు. నమ్మలేదు వాళ్లు. ఆయన వ్యాసం సరిగ్గా అచ్చవడానికి 1992 దాకా పట్టింది. ఇప్పుడు అదే మొదటి ఇలాజ్. తెలిసిన చెవి డాక్టరో, ఫిజియోథెరపిస్టో పది పదిహేను నిమిషాల్లో చేస్తారు. చాలామందికి ఒకటి రెండుసార్లలో పోతుంది. మెడ నొప్పి, మెడ ఎముకల అరుగుదల ఉన్నవాళ్లయితే ముందే చెప్పాలి.

ఇంత సులువైన ఇలాజ్ ఉండగా మన బుజుర్గుల్లో ఎంతమంది ఏళ్ల తరబడి గోలీ మింగుతున్నారో! మా ఖాలాజాన్ ఒకరు. పక్క మీద దొర్లితే చక్కర్ అని ఒక డాక్టర్ గోలీ రాశాడు, ఆ చిట్టీ మీదే షాపులో నాలుగేళ్లు కొన్నారు. చివరికి చేతులు వణకడం, అడుగులు చిన్నవి కావడం మొదలయ్యాయి. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ లాంటి చక్కర్ గోలీలను పెద్ద వయసులో ఎక్కువకాలం వాడితే పార్కిన్‌సన్ జబ్బు లాంటి వణుకు రావచ్చు. అవి నాలుగు రోజుల వాంతులకూ తిప్పుడుకూ ఉద్దేశించినవి, నాలుగేళ్లకు కాదు.

ఇప్పుడు సదర్. లేచి నిలబడితే చీకటి కమ్మడం. దీని కారణం చెవిలో కాదు, రక్తపోటులో ఉంది. దాన్ని కొలిచే సాధనమే చాలా ఆలస్యంగా వచ్చింది. చేతికి కట్టే పట్టీ 1896లో ఇటలీలో రీవా రోచీ తెచ్చాడు, స్టెతస్కోపుతో విని కొలవడం 1905లో రష్యా డాక్టర్ కొరోత్కోఫ్ నేర్పాడు. 1925లో అమెరికాలో బ్రాడ్‌బరీ, ఎగల్‌స్టన్ అనే ఇద్దరు, లేస్తే బీపీ పడిపోయే ముగ్గురు మరీజుల గురించి రాశారు. ఇబ్నె సీనా ఒక్క వాక్యంలో వర్ణించినదానికి అంకెలు దొరకడానికి 900 ఏళ్లు.

దీనికొక విచిత్రమైన మలుపు ఉంది. ఢిల్లీలో హకీమ్ అజ్మల్ ఖాన్ సాబ్ తిబ్బియా కాలేజీలో యునానీ దవాలను రసాయన శాస్త్రంతో పరీక్షించాలని పట్టుబట్టాడు. ఆ పనికి సలీముజ్జమాన్ సిద్దీఖీని పెట్టాడు. ఆయన అస్రోల్ వేరు మీద పనిచేశాడు. అది మన సర్పగంధే. 1931లో దాన్నుంచి వేరుచేసిన పదార్థానికి, అప్పటికే మర్హూమ్ అయిన హకీమ్ సాబ్ పేరు మీద అజ్మలీన్ అని పేరుపెట్టాడు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుమ్ జల్ వకీల్ అదే వేరు బీపీని తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు. 1952లో స్విట్జర్లాండ్‌లో దాన్నుంచే రెసర్పిన్ తీశారు. ప్రపంచంలో మొదటి తరం బీపీ గోలీల్లో అదొకటి. అలా హకీముల వేరు బీపీని దించింది. దించిన ఆ బీపీయే ముసలితనంలో మనిషి లేచి నిలబడితే మరీ దిగిపోయి సదర్ తెస్తుంది. ఇప్పుడు రెసర్పిన్ వాడకం దాదాపు లేదు, కానీ బీపీ గోలీలు, ఉచ్చ ఎక్కువగా పోయించే గోలీలు, మగవాళ్లకు ప్రోస్టేట్ గోలీలు, నిద్రగోలీలు కలిసి అదే పని చేస్తున్నాయి.

ఇది ఇంట్లోనే పట్టుకోవచ్చు. బీపీ మిషన్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. అయిదు నిమిషాలు పడుకోబెట్టి కొలవండి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్లీ కొలవండి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అదే సదర్. ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి, గోలీ ఏది తగ్గించాలో ఆయన చూస్తాడు. మీ అంతట మీరు ఆపకండి. షుగర్ ఉన్నవాళ్లయితే చక్కర్ వచ్చిన క్షణంలోనే షుగర్ కూడా చూడాలి. ఇక ఖూన్ తీసే హిజామా సంగతి. ఖూన్ ఎక్కువైందన్న లెక్కతో పాత కితాబులు చెప్పిన ఇలాజ్‌ను బీపీ పడిపోయే మనిషికి, ఖూన్ పల్చబడే గోలీలు వాడే మనిషికి చేయించడం నాకైతే భయంగా ఉంటుంది. డాక్టర్‌ను అడగకుండా వద్దు.

మన బుజుర్గులకు సదర్ ఎక్కువగా కనిపించే చోట్లు రెండు. ఒకటి ఫజర్ వేళ. రాత్రంతా పడుకుని, అజాన్ వినగానే జల్దీ లేచి వుజూకు పరుగు. మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చుని, మడమలు పైకీ కిందికీ ఆడించి అప్పుడు లేవాలి. రెండోది రమ్‌జాన్. పగలంతా నీళ్లు లేవు, ఇఫ్తార్‌లో కడుపునిండా తిన్నాక రక్తం మేదా వైపు వెళ్తుంది. పెద్దవాళ్లలో తిన్న గంట రెండు గంటల్లో బీపీ పడిపోవడం మామూలు సంగతి. సరిగ్గా అప్పుడే తరావీహ్‌కు నిలబడతారు. ఇఫ్తార్ కొంచెం కొంచెంగా తినడం, నీళ్లు సరిపడా తాగడం (గుండె, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టర్ చెప్పినంతే), గోలీల వేళలు రమ్‌జాన్‌కు ముందే మార్పించుకోవడం, ఇవి ఆ నెల రాకముందు చేయాల్సిన తయారీ.

సజ్దా నుంచి ఖియామ్‌కు లేచేటప్పుడు తూలేవాళ్లున్నారు. కుర్చీ మీద చదవమంటే "ఇన్నేళ్లూ నిలబడి చదివాను" అని మొండికేస్తారు. ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి.) మరీజ్‌గా ఉన్నప్పుడు రసూలుల్లాహ్ (స.అ.స.) ఆయనకు చెప్పిన సంగతి సహీ బుఖారీలో ఉంది: నిలబడి, చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని. ఆ రుఖ్సత్ ఇచ్చింది మనం కాదు, కాబట్టి దాన్ని వాళ్లకు గుర్తుచేయడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇంకో రకం ఉంది. 1972లో డ్రాక్‌మన్, హార్ట్ అనే అమెరికా డాక్టర్లు చక్కర్ మరీజులను విడదీసినప్పుడు, తిరిగేది ఒకటి, చీకటి కమ్మేది ఒకటి అని పాత సరిహద్దే గీసి, మూడోది కూడా చెప్పారు: తలలో ఏమీ ఉండదు, కాళ్లే నిలకడగా ఉండవు. షుగర్ వల్ల అరికాళ్ల స్పర్శ తగ్గి, మోతియా వల్ల చూపు మసకై, తొడల కండలు కరిగి మనిషి నేల మీద ఓడలో నిలబడ్డట్టు ఊగుతాడు. దీన్ని కూడా చక్కర్ అనే అంటారు, చక్కర్ గోలీ దీన్ని ఇంకా పెంచుతుంది. దీనికి ఇలాజ్ మోతియా ఆపరేషన్, కాళ్లకు కస్రత్, చేతికర్ర, రాత్రి బాత్‌రూమ్ దాకా లైటు.

ఇవేవీ ఆలోచిస్తూ కూర్చోకూడని వేళ కూడా ఉంది. చక్కర్‌తో పాటు మాట ముద్దగా రావడం, మూతి ఒకవైపు లాగడం, ఒక చెయ్యి లేదా కాలు బలహీనపడటం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, అస్సలు నిలబడలేకపోవడం, ఎన్నడూ లేని తలనొప్పి, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం. ఇందులో ఏది కనిపించినా నిమ్మరసం వద్దు, 108కి ఫోన్ చేసి పెద్ద దవాఖానాకు తీసుకెళ్లండి. అది ఫాలిజ్‌కో గుండెజబ్బుకో నిషానీ కావచ్చు.

స్వాద్‌తో రాసే సదర్ సాబ్‌లకు చిన్న దర్ఖాస్త్. చాలా మస్జిదుల వుజూఖానాల్లో నున్నటి టైల్స్, ఎత్తు తక్కువ దిమ్మెలు ఉంటాయి, లేవడానికి పట్టుకునే కడ్డీ మాత్రం ఉండదు. నల్లాల వరస పక్కన గోడకు స్టీలు కడ్డీ బిగించడానికి, కింద గరుకు చాప పరచడానికి ఒక జుమా చందా చాలు.